వరస కలిసిన మాటలు

హెవీకి రెయిన్ మరదలవుతుంది. స్ట్రాంగుకు మాత్రం చెల్లెలు. అందుకని హెవీ రెయిన్ అనవచ్చు, స్ట్రాంగ్ రెయిన్ అనకూడదు. టీ దగ్గరికొచ్చేసరికి వరస తిరగబడుతుంది. స్ట్రాంగుకు టీ మరదలు, హెవీకి చెల్లెలు. మిస్టేక్ అనే పిల్ల మేక్ ఇంటికే కోడలుగా వెళుతుంది గానీ డూ ఇంటి గడప తొక్కదు. హోంవర్కును డూ వాళ్ళే చేసుకున్నారు.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను మా పేట పిల్లలకు ఇంగ్లీషు ఇలా చెప్పేవాణ్ణి. ఎనభైల మొదట్లో సంగతి. గుంటూరులో బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, సాయంత్రాలు చర్చి వరండాలో ట్యూషను నడుపుతుండేవాణ్ణి. వ్యాకరణం పిల్లలకు ఎక్కేది కాదు. వరసలు మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. మేనమామ కూతురు మరదలనీ, చిన్నాన్న కూతురు చెల్లెలనీ మావైపు పిల్లలకు నడక వచ్చేనాటికే తెలిసిపోతుంది. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో, ఏది కూర్చుంటే వినేవాళ్ళు నవ్వుతారో చెప్పడానికి నాకు అంతకన్నా మంచి దారి దొరకలేదు. తెలుగులో మాత్రం అంతే కదా అనేవాణ్ణి. వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది. ఎండ కురిసిందని ఇంటికెళ్ళి చెబితే మీ అమ్మ మీ ఒళ్ళు పట్టుకుని చూడదూ?

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ రోజుల్లో నాకున్న జబ్బు వేరే. పిల్లలతో ఆగక, కనిపించిన ప్రతివాళ్ళ ఇంగ్లీషూ దిద్దేవాణ్ణి. మా నాన్న మిషను బడిలో పంతులు. ఆయన పై అధికారులకు రాసుకున్న అర్జీలో ఎర్రసిరాతో గీతలు పెట్టి ఇచ్చాను. పాతికేళ్ళుగా బడి నడిపిన మనిషి, ఆ కాగితం చూసుకుని మళ్ళీ రాసుకున్నాడు. రైల్వేలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన రోజుకు రెండు బీడీలు తాగుతానని ఇంగ్లీషులో చెప్పబోయి డ్రింక్ అన్నాడు. తెలుగులో తాగుతాం గనక ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ మాట పదిమందికీ చెప్పి నవ్వించాను. మా పేటలో మొదటి బి.ఏ.ని గనక నన్ను ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వెనక 'దిద్దుళ్ళ మాస్టారు' అనుకునేవాళ్ళట. నాకది బిరుదులాగే వినిపించేది.

గుంటూరులో పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. మనదేశం వాళ్ళు ఇంగ్లీషులో చేసే తప్పులన్నీ ఎడమవైపు, ఒప్పులు కుడివైపు అచ్చువేసిన పుస్తకం అది. అందులో ఒకచోట 'మై మదర్ ఈజ్ సీరియస్' అని ఎడమవైపున ఉంది. అలా అంటే మా అమ్మ నవ్వడం లేదు, ముఖం ముడుచుకుని కూర్చుంది అని అర్థమట. జబ్బు చేసిందని చెప్పాలంటే 'టేకెన్ ఇల్' అనాలట. ఆ పేజీ చదివి నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మా ఊళ్ళోకి వచ్చే టెలిగ్రాములన్నీ, మా ఊళ్ళోంచి వెళ్ళే టెలిగ్రాములన్నీ 'మదర్ సీరియస్', 'ఫాదర్ సీరియస్' అనే కదా వెళ్ళేవి. ఇంతమంది తల్లులు, ఇంతమంది తండ్రులు ముఖాలు ముడుచుకుని కూర్చున్నారన్నమాట అనుకున్నాను.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే ఆమె నాకు పెద్దమ్మ వరస. పత్తి చేలలో, మిరపకాయల కోతల్లో కూలికి వెళ్ళేది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల నాకన్నా రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేది. నర్సు ట్రైనింగు చదివించడానికి మా పాస్టరు అయ్యగారు ఉత్తరాలు రాసి, నాగపూరు దాటాక ఎక్కడో ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో చేర్పించారు. ట్రైనింగు అయిపోయి అక్కడే ఉద్యోగంలో చేరింది. అక్కణ్ణించి మా ఊరు రావాలంటే ఒక పగలూ ఒక రాత్రీ పైగా ప్రయాణం. ఏడాదికి ఒకసారి, క్రిస్మసుకు వచ్చేది. ఆ వారం రోజులూ పెద్దమ్మ కూలికి వెళ్ళేది కాదు. కూతురు ఎక్కడ కూర్చుంటే అక్కడే ఎదురుగా కూర్చునేది.

ఆ ఏడు ఫిబ్రవరి ఆఖర్లో పత్తికట్టె పీకుతున్నారు. పత్తి తీత అయిపోయాక చేలో మిగిలిన ఎండుమొక్కల్ని వేళ్ళతో సహా పెరికి కట్టలు కట్టడం ఆ పని. పెరికేటప్పుడు విరిగిపోయిన మోళ్ళు నేలలో నిలబడి ఉంటాయి. ఒక మోడు పెద్దమ్మ అరికాల్లో దిగింది. పసుపూ సున్నమూ పెట్టి గుడ్డ చుట్టుకుని మర్నాడు మళ్ళీ పనికి వెళ్ళింది. పది రోజుల తరవాత సోమవారం పొద్దున గంజి తాగబోతే నోరు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి మెడ బిగుసుకుంది. రైతు ట్రాక్టరు మీద గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ధనుర్వాతం అన్నారు.

మంగళవారం పొద్దున పెదనాన్న, అంటే ఆమె భర్త, మొదటి బస్సుకు గుంటూరు నుంచి వచ్చి నేరుగా మా ఇంటికి వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు. కావలసినవాళ్ళు దూరాన ఉంటే పిలిపించుకోమని డాక్టరు చెప్పాడట. నన్ను చూడగానే, "పిల్లకి టెలిగ్రాం కొట్టరా నాయనా. సీరియస్ అని కొట్టు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. అడ్రసు రాసున్న ఉత్తరం కవరు నా చేతిలో పెట్టి, మళ్ళీ అదే బస్సుకు వెనక్కి వెళ్ళిపోయాడు.

టెలిగ్రాం ఇవ్వాలంటే రెండు మైళ్ళ అవతలి పెద్ద ఊళ్ళో పోస్టాఫీసుకు వెళ్ళాలి. అక్కడ కాగితం మీద ఇంగ్లీషులో రాసిస్తే, పోస్టుమాస్టరు గారు దాన్ని ఫోనులో గుంటూరుకు అక్షరం అక్షరం చదివి వినిపించేవారు. సైకిలు మీద వెళుతున్నంతసేపూ నేను పెద్దమ్మ గురించి ఆలోచించాను అని రాయగలిగితే బాగుండును. కానీ అబద్ధం రాయను, ఒకసారి చెప్పిన అబద్ధం చాలు. నేను ఆలోచించింది ఆ రెండు మూడు ఇంగ్లీషు ముక్కల గురించి. ఆ పిల్ల పనిచేసేచోట ఇంగ్లీషు బాగా వచ్చిన డాక్టర్లుంటారు, మేట్రన్ ఉంటుంది. వాళ్ళు ఈ టెలిగ్రాం చూస్తారు. మదర్ సీరియస్ అని చూసి నవ్వుకుంటారు. ఆ నవ్వు మన పిల్ల మీద పడకూడదు అనుకున్నాను. ఆ పిల్ల పరువు కోసమే అనుకున్నాను గానీ, అది రాసింది మా ఊరి బి.ఏ. అని వాళ్ళకు తెలియాలనే కోరిక దాని కింద దాక్కుని ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఫారం మీద పెద్దక్షరాలతో రాశాను. మదర్ టేకెన్ ఇల్. కమ్ హోమ్ ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్. ఈ రెండో వాక్యం మద్రాసు నుంచి నా దరఖాస్తుకు జవాబుగా వచ్చిన ఒక ఉత్తరంలోది. సర్టిఫికెట్ల నకళ్ళు పంపమని అడుగుతూ వాళ్ళు వాడారు. నాకు తెగ నచ్చింది. ఎర్లియెస్టులో తొందర ఉంది, కన్వీనియెన్సులో మర్యాద ఉంది, రెండూ ఒకదాన్నొకటి విడిచి ఉండవు అనుకున్నాను. నా నోటుపుస్తకంలో వాటిని జంటగా రాసిపెట్టుకున్నాను కూడా.

పోస్టుమాస్టరు గారు ముస్లిం. యాభై దాటిన మనిషి, ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవారు. వాళ్ళమ్మాయి నా ట్యూషనుకు వచ్చేది. ఆయన ఫారం చదువుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, ఆ పిల్ల నాన్న ఏమని రాయమన్నాడని అడిగారు. సీరియస్ అని రాయమన్నాడనీ, అది ఇంగ్లీషు కాదనీ చెప్పాను. పుస్తకంలో ఉన్నది వివరించాను. మదరుకూ సీరియస్‌కూ వరస కుదరదండీ అని కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు.

"మీ వరసలు మా అమ్మాయి ఇంట్లో చెబుతుంటుంది బాబూ" అన్నారు. "మీలో చిన్నాన్న కూతురు చెల్లెలు. మాలో చేసుకుంటాం. నేను చేసుకున్నది మా చిన్నాన్న కూతుర్నే. మీ ఇంట్లో కూడని వరస మా ఇంట్లో కూడింది. పాతికేళ్ళ నుంచి కాపురం చేస్తున్నాం. మీరు సీరియస్ అని రాయండి. ఆ మాట చూస్తే మనవాళ్ళు కట్టుబట్టలతో బయల్దేరతారు."

ఆయన చెప్పింది ఎంత పెద్ద మాటో అప్పుడు నా చెవికెక్కలేదు. మదరూ సీరియస్సూ మన ఊళ్ళలో ఎప్పుడో ఒకింటివయ్యాయి. వాటి పక్కన స్టార్ట్ ఇమ్మీడియట్లీ కాపురం పెట్టి కూడా చాలా కాలమైంది. ఏ ఇంగ్లీషువాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, గుంటూరు జిల్లా నుంచి బొంబాయి దాకా, భిలాయి దాకా ఆ నాలుగు మాటలకూ ఒకటే అర్థం. ప్రాణం పోకముందే చేరుకో. నేను చదివిన పుస్తకం రాసినవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. తెలిసి కూడా రాయలేదు.

"ఇంగ్లీషు మన ఇల్లు కాదండీ" అన్నాను పోస్టుమాస్టరు గారితో. ఆ జవాబు నాకు ఎంతో తెలివైనదిగా అనిపించింది. ఆయన ఫోను తీశారు. నా మాటల్ని ఒక్కొక్క అక్షరమే గుంటూరుకు చదివి వినిపించారు. కన్వీనియెన్స్ అవతలివాళ్ళకు అర్థంకాక రెండుసార్లు చదవాల్సివచ్చింది.

బుధవారం నేనూ గుంటూరు వెళ్ళాను. పెద్దమ్మను కిటికీలు మూసిన గదిలో పెట్టారు. వెలుతురు పడితే, చిన్న చప్పుడైతే ఒళ్ళంతా వెనక్కి విల్లులా వంగిపోయేది. దవడలు బిగుసుకుని మాట రావడం లేదు గానీ తెలివి పూర్తిగా ఉంది. తలుపు కొంచెం కదిలితే కళ్ళు అటు తిప్పేది. వచ్చింది ఎవరో చూసి మళ్ళీ కప్పు వైపు తిప్పుకునేది. ఆమె ఎవరికోసం చూస్తోందో ఆ గదిలో అందరికీ తెలుసు. పెదనాన్న చెవి దగ్గర నోరుపెట్టి, బయల్దేరుంటుంది, రేపు రాత్రికల్లా వచ్చేస్తుంది అని మెల్లగా చెప్పేవాడు. బుధవారం పొద్దున టెలిగ్రాం అంది, మధ్యాహ్నం రైలు పట్టుకుంటే గురువారం రాత్రికి చేరుతుందని ఆయన లెక్క. లెక్క సరైనదే.

గురువారం సాయంత్రం నుంచీ నేను బస్టాండులో నిలబడ్డాను. బెజవాడ నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి దిగేవాళ్ళను చూశాను. మూడు బస్సులు చూశాక నాలుగోదాని కోసం గోడకానుకుని నిలబడ్డాను. ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్ అనే మాటను మొట్టమొదటిసారి తెలుగులో అనుకుని చూశాను. నీకు వీలు కుదిరినప్పుడు. నీకు వీలు కుదిరినప్పుడు రా అని రాశానా నేను? మద్రాసువాళ్ళు నన్ను నకళ్ళు పంపమన్నప్పుడు నేను ఎన్నాళ్ళకు పంపానో గుర్తుచేసుకున్నాను. తొమ్మిది రోజులకు.

ఆ సాయంత్రం కూడా దారి ఉంది. బస్టాండు పక్కనే తంతి ఆఫీసు ఉంది. అర్జెంటు టెలిగ్రాం ఇంకొకటి ఇవ్వొచ్చు. సీరియస్ అని రాయొచ్చు. కానీ రెండోది ఎందుకని అడిగితే మొదటిదానిలో ఏం రాశానో పెదనాన్నకు చెప్పాల్సివస్తుంది. రైలు ఆలస్యమై ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున పెద్దమ్మ పోయింది.

శనివారం దాకా చూశారు. అంతకన్నా ఉంచడానికి వీల్లేక ఆ సాయంత్రమే సమాధుల తోటలో పెట్టారు. అయ్యగారు ప్రభువునందు నిద్రించిన మన సహోదరి అని ప్రార్థన మొదలుపెట్టారు. నిద్రించడమే గనక అయితే కూతురు వచ్చేదాకా లేపి కూర్చోబెట్టరేం అని ఎవరో ముసలామె వెనక ఏడుస్తూ అంది. నేను మట్టి వేశాను.

ఆదివారం ఆరాధన అయిపోయి అందరం చర్చి మెట్ల మీద ఉండగా గుంటూరు బస్సు వచ్చి ఆగింది. ఆ పిల్ల దిగింది. భుజాన సంచి, చేతిలో కమలాపళ్ళ బుట్ట, చంకలో కొత్త దుప్పటి. జబ్బుగా ఉన్నవాళ్ళను చూడటానికి వచ్చేవాళ్ళు ఎలా వస్తారో అలా వచ్చింది. మమ్మల్నందర్నీ ఒక్కచోట చూసి నవ్వింది. నేను ముందున్నాను గనక నన్నే అడిగింది.

"అమ్మకి ఎట్టా ఉందన్నా?"

ఆ తరవాత జరిగింది నేను రాయను. కమలాపళ్ళు మెట్ల మీద దొర్లుతుంటే ఎవరూ ఏరలేదు.

సాయంత్రం నన్ను పిలిపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. సంచిలోంచి టెలిగ్రాం తీసి నా ముందు పెట్టింది. కాగితం మీద అతికించిన పట్టీల్లో నా ఇంగ్లీషు, ఒక్క అక్షరం తప్పులేకుండా ఉంది. పక్కనే పెదనాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సీరియస్ అనే కదా కొట్టమన్నాను, వీడు అదే కదా కొట్టింది అంటున్నాడు.

"అన్నా, ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగింది.

"నేను సీరియస్ అనే రాశాను" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. దిద్దడానికి ఏమీ లేని వాక్యం. పెదనాన్న లేచి కూర్చున్నాడు. అయితే పోస్టాఫీసువాళ్ళే మార్చారన్నాడు. సోమవారం పొద్దున్నే అక్కడికెళ్ళి, కౌంటరు ముందు నిలబడి, పోస్టుమాస్టరు గారిని నోటికొచ్చినన్ని మాటలన్నాడు. నా బిడ్డను తల్లికి కాకుండా చేశావన్నాడు. నేను వెంట వెళ్ళలేదు. కడుపునొప్పని ఇంట్లో పడుకున్నాను. నా చేతిరాతతో ఉన్న ఫారం అక్కడే, ఆయన చేతికందేంత దూరంలో కట్టలో ఉంటుందని నాకు తెలుసు. ఇప్పుడు బయటికి తీస్తారు, ఇప్పుడు తీస్తారు అనుకుంటూ వీధిలో చప్పుళ్ళు వింటూ ఉన్నాను. ఆయన తియ్యలేదట. అన్నీ విని తలవంచుకుని కూర్చున్నారట. చేసిన తప్పు గనకే నోరు మెదపలేదని ఊళ్ళో అనుకున్నారు.

పదిరోజుల తరవాత సిగ్గు ఎక్కువై ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"టెలిగ్రాంలో ఎవరు ఏం రాశారో నేను బయటికి చెప్పకూడదు బాబూ. ఈ కుర్చీలో కూర్చోబెట్టేముందు ప్రమాణం చేయిస్తారు" అన్నారు. స్టాంపుల సొరుగు మూస్తూ, "మీరు చెప్పొచ్చు" అన్నారు.

నేను చెప్పలేదు. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటుండగా ఆ పిల్ల సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు పోస్టుమాస్టరు గారికి వేరే ఊరు బదిలీ అయింది. వాళ్ళమ్మాయి ట్యూషను మానేసి అప్పటికే చాలా రోజులైంది. ఆయన ఎక్కడో చనిపోయారని తరవాత ఎవరో చెప్పగా విన్నాను. నాకు ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చింది. పిల్లలకు మాటల జంటలు చెప్పాను గానీ వరసల ఊసెత్తలేదు. సెలవు చీటీల్లో మదర్ ఈజ్ సీరియస్ అని రాసుకొచ్చిన పిల్లల్ని దిద్దలేదు. ఒక్కమాట అడగకుండా సంతకం పెట్టి పంపేసేవాణ్ణి. అందులో సగం అబద్ధాలేనని తెలుసు. అయినా సరే. అదేదో ప్రాయశ్చిత్తమనుకున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా చేసే ప్రాయశ్చిత్తం ఎవరికి పనికొస్తుంది?

ఏడేళ్ళు గడిచాయి. ఆ పిల్ల, ఇక పిల్ల అనకూడదు, ఒంగోలు వైపు ఒక మిషను ఆసుపత్రికి మారి వచ్చింది. చీమకుర్తి క్వారీల్లో దెబ్బలు తగిలినవాళ్ళతో ఆ ఆసుపత్రి ఎప్పుడూ నిండి ఉండేది. అప్పటికి నేను ఆ దగ్గర్లోనే పనిచేస్తున్నాను. నా భార్య రెండో పురుడు అక్కడే పోసుకుంటానంది. ఎంతైనా మన పిల్ల ఉంది కదా అంది. నేను కాదనడానికి కారణం చెప్పలేకపోయాను.

పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండింటికి నేను వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆమె లోపలినుంచి వచ్చి, ఇంకా టైముందన్నా అని చెప్పి, నాకో గ్లాసు టీ ఇచ్చి తనూ పక్కన కూర్చుంది. తనతోపాటే డ్యూటీ దిగిన నర్సులు నలుగురు నవ్వుకుంటూ వెళుతున్నారు. మాట్నీ సినిమాకు వస్తావా అని ఆమెను కేకేశారు. రానని చెయ్యి ఊపింది. ఊరికే ఏదో ఒకటి మాట్లాడాలి గనక, వెళ్ళకపోయావా, నా దగ్గర కూర్చోవడం ఎందుకు అన్నాను.

సినిమాలు చూడనంది. ఆ తరవాత తనంతట తనే చెప్పుకొచ్చింది. టెలిగ్రాం వచ్చినప్పుడు వార్డులో ఉందట. టేకెన్ ఇల్ అంటే ఏమిటని డాక్టరమ్మను అడిగిందట. ఒంట్లో బాగోలేదని అర్థం, కంగారుపడొద్దు, నీ వీలు చూసుకుని రమ్మన్నారు, ఈ వారం డ్యూటీ చూసుకుని వెళ్ళమని ఆమె చెప్పిందట. అందుకని గురువారం సాయంత్రం దుప్పటి కొనడానికి బజారుకు వెళ్ళి, అటునుంచి అటే స్నేహితులతో సినిమాకు వెళ్ళిందట.

"అక్కడ అమ్మ తలుపు వంక చూస్తా ఉంటే, నేను సినిమాలో నవ్వుతా కూర్చున్నానన్నా" అంది. "పోస్టాఫీసువాళ్ళు మాట మార్చారే అనుకో. కన్నకూతుర్ని, నాకు తెలియొద్దూ? నర్సుని కదా, తెలియొద్దూ?"

ఆ మాట వినేదాకా ఆమె దుఃఖంలో నా వంతు ఎంతో నాకు తెలుసుననుకున్నాను. తల్లిని కడసారి చూడనివ్వకపోవడం ఒక్కటే అనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టాను.

"నేనే రాశాను" అన్నాను. "సీరియస్ అని పెదనాన్న చెప్పాడు. పోస్టుమాస్టరు గారూ చెప్పారు. అది తప్పు ఇంగ్లీషని నేనే మార్చాను. వాళ్ళెవరూ మార్చలేదు."

ఆమె నా వైపు తిరగలేదు. ఎదురుగా ఆవరణలో లారీలోంచి ఎవరినో స్ట్రెచరు మీదికి దించుతున్నారు. అటే చూస్తూ అడిగింది.

"నాయన ఆయన్ని అన్నన్ని మాటలంటుంటే నీకు తెలుసా?"

తెలుసన్నాను.

స్ట్రెచరు లోపలికి వెళ్ళేదాకా చూసింది. ఆ తరవాత అంది, "ఆ రోజే చెప్పుంటే నిన్ను తిట్టి, నీ మీద పడి ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏడేళ్ళ నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. లోపలినుంచి సిస్టర్ అని పిలిచారు. లేచి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, నేను తాగకుండా వదిలేసిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

గంటన్నర తరవాత తలుపు తెరుచుకుంది. తెల్లటి గుడ్డలో చుట్టిన బిడ్డను తీసుకుని ఆమే వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. బిడ్డ తల కింద నా చెయ్యి ఎలా పెట్టాలో చూపించింది, మెడ జాగ్రత్త అని సరిచేసింది. అక్కడ వేచి ఉన్న ఏ తండ్రికైనా అంతే జాగ్రత్తగా ఇచ్చి ఉండేది.

"ఆడపిల్లండీ" అంది. "తల్లీ బిడ్డా బాగున్నారు. మీరు లోపలికి వెళ్ళి చూడొచ్చు."